పరిశోధనశాల నుండి పనిముట్టు వఱకు

హైదరాబాదు నగరమునకు ఈశాన్యదిశయందు దమ్మాయిగూడ కలదు. ఒకప్పుడది చిన్న పల్లె. నేడది మహానగరముతో కలిసిపోయిన జనావాసము. అచటివారు నగరమునకు పోవుటకై బస్సెక్కి, కండక్టరుతో "ఇ.సి.ఐ.ఎల్." అని చెప్పి టిక్కెట్టు తీసికొందురు. వారికది ఒక కూడలి పేరు. ఆ చెంతనే ఏ.ఎస్. రావు నగరు కలదు. అదియు వారికొక పేట పేరు. ఈ రెండు పేర్లను దినమునకు పదిమారులు పలుకువారిలో వాని వెనుకనున్న కథను విచారించువారు తక్కువ. మొదటిది ఒక యంత్రనిర్మాణ సంస్థ పేరు. రెండవది దానిని తీర్చిదిద్దిన ఇంజనీరు పేరు.

నగరపు ఈ తూర్పు భాగమంతయు శాస్త్రజ్ఞులకు నెలవు. నాచారము మీదుగా హబ్సిగూడ చేరి ఉప్పలు బాట పట్టినచో, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కానవచ్చును. భూకంపములను నమోదు చేయుట, నేలలోపలి నీటిజాడను కనుగొనుట దాని పనులలో కొన్ని. దాని చేరువనే జీవకణములను శోధించు కేంద్రము కలదు. తార్నాకలో రసాయన శాస్త్రజ్ఞులకును, పోషకాహార శాస్త్రజ్ఞులకును వేఱువేఱు సంస్థలు కలవు. ఒక్కొక్కదాని కథ ఒక్కొక్క గ్రంథమగును. దమ్మాయిగూడ వైపున నున్నవి మాత్రము రెండు: ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, అణు ఇంధన సముదాయము. ఈ రెండును ఒకే అవసరమునుండి పుట్టినవి.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరమున, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునను చదివి, బొంబాయిలో హోమీ భాభాగారి బృందమున చేరిరి. పరమాణుశక్తి పరిశోధన మన దేశమున అప్పుడే మొలకెత్తుచుండెను. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో 'అప్సర' అను రియాక్టరు పనిచేయ నారంభించెను. దాని ఇంధనము ఇంగ్లండునుండి వచ్చినది. దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ పరికరములను మాత్రము రావుగారి బృందము ఇచటనే నిర్మించెను.

ఆ పరికరముల ఆవశ్యకత ఏమి? రియాక్టరునుండి వెలువడు కిరణములు కంటికి కనబడవు. వానికి వాసన లేదు, చప్పుడు లేదు. ఒడలికి తగిలినను వెంటనే తెలియదు. తెలియునప్పటికి కీడు జరిగిపోవును. కావున వానిని కనిపెట్టు సాధనము లేనిదే ఎవ్వరును దగ్గఱకు పోరాదు. అట్టి సాధనములలో ఒకటి గైగర్ గొట్టము. గొట్టములో కొంత వాయువు, నడుమ ఒక సన్నని తీగ యుండును. తీగకును గొట్టమునకును మధ్య అధిక విద్యుత్పీడనము నుంచుదురు. కిరణమొకటి లోపలికి చొరబడినంతనే వాయువులోని పరమాణువులు చెదరి, తీగలో ఒక చిన్న విద్యుత్ స్పందనము పుట్టును. ఆ స్పందనమును పెద్దది చేసి, ఒక్కొక్కదానిని లెక్కించుటయే పరికరము పని. వచ్చినది లెక్క తప్పరాదు. రానిది లెక్కకు ఎక్కరాదు. ఈ నియమము కొంత గుర్తుంచుకొనదగినది. కథ చివర ఇది మరల వచ్చును.

ఇట్టి సాధనములను విదేశములనుండి తెప్పించుకొనవచ్చును. కాని అవి చెడిపోయినపుడు ఒక చిన్న భాగము కొఱకు ఓడలకై ఎదురుచూడవలెను. ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ విభాగము వానిని తానే చేయ నేర్చినది. పని పెరిగి, పరిశోధనశాల గదులు చాలకపోయినవి. కావున 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను ఏర్పడెను. దాని బాధ్యత రావుగారిపై పడెను. రెండేండ్లకు, అనగా 1969లో, 'టి.డి.సి. 12' అను కంప్యూటరు అందు వెలువడెను. ట్రాంబేలో రూపొందిన ఆ యంత్రమే మన దేశమున తయారై విక్రయమునకు వచ్చిన తొలి కంప్యూటర్లలో ఒకటి. 1972లో రావుగారిని ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో గౌరవించెను.

పరికరములు మనవైనవి, మఱి ఇంధనమో? ఇంధనము పరులదైనపుడు, వారు ఇచ్చినంతకాలమే దీపము వెలుగును. అందుచేత 1971లో, ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు పొరుగుననే, అణు ఇంధన సముదాయము వెలసెను. దాని పని వినుటకు సులభము. యురేనియము గుళికలను లోహపు గొట్టములలో నింపి, కొనలు మూసి, కట్టలుగా కూర్చి పంపవలెను. అయితే ఆ గొట్టమును దేనితో చేయవలెను? మరగు నీటికంటె మిక్కిలి వేడియైన నీటిలో నెలల తరబడి మునిగియున్నను అది చెడరాదు. లోపలి ప్రమాదకర పదార్థములను బయటికి పోనీయరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, అది న్యూట్రానులను మ్రింగరాదు. ఏలయన, ఒక యురేనియము పరమాణువు పగిలినపుడు వెలువడు న్యూట్రానులే మఱియొకదానిని పగులగొట్టవలెను. గొట్టమే వానిని మ్రింగివేసినచో పొయ్యి ఆరిపోవును. సహజ యురేనియముతో నడచు రియాక్టర్లలో ఉక్కు గొట్టములు ఈ కారణముచేతనే పనికిరావు. జిర్కోనియము అను లోహము ఈ పరీక్షలన్నిటను నెగ్గినది.

జిర్కోనియము కేరళ, తమిళనాడు సముద్రతీరములందలి ఇసుకలో లభించును. అయితే అందొక చిక్కు కలదు. హాఫ్నియము అను వేఱొక లోహము దానిని కవలపిల్లవలె అంటిపెట్టుకొని యుండును. రసాయన స్వభావమున రెండును దాదాపు ఒక్కటే. న్యూట్రానుల విషయమున మాత్రము వానికి పొత్తు లేదు: జిర్కోనియము వానిని పోనిచ్చును, హాఫ్నియము వందలరెట్లు ఎక్కువగ మ్రింగును. కావున నూటికి రెండుపాళ్ల వఱకు గల ఆ హాఫ్నియమును తొలగింపవలెను. ఇసుకలోని లోహములను ఆమ్లములో కరగించి, ఆ ద్రావణమును నీటితో కలియని వేఱొక ద్రవముతో కలియబెట్టుదురు. కవలలలో ఒకటి ఆ ద్రవములోనికి ఎక్కువగ పోవును, రెండవది తక్కువగ పోవును. మజ్జిగ చిలికి వెన్న తీయుటవంటిదే ఈ పని. అయితే ఇచట ఒక్క చిలుకుట చాలదు, పలుమారులు చిలుకవలెను. ఇది రసాయనజ్ఞుని వంతు. వచ్చిన లోహమును కరగించి, కొలది తగరము మొదలైనవి చేర్చి మిశ్రలోహము చేయుట లోహశాస్త్రజ్ఞుని వంతు. దానిని అరమిల్లీమీటరు మందమైనను లేని గొట్టముగ సాగదీయుట యంత్రనిపుణుని వంతు. కంటికానని పగులు ఉన్నదేమోయని చెవికి వినబడని శబ్దతరంగములతో పరీక్షించుట భౌతికశాస్త్రమునుండి వచ్చిన ఉపాయము. ఒక్క గొట్టములో ఇన్ని శాస్త్రములు దాగియున్నవి. యురేనియము గుళికలను సుమారు 1700 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపఱచిన పిమ్మట, అట్టి గొట్టములు 19 చేర్చి, సుమారు అరమీటరు పొడవుగల కట్ట కట్టుదురు. 220 మెగావాట్ల రియాక్టర్లకు సరిపడు కట్ట ఇది.

ఈ విద్య నేర్చినందువలని ఫలము త్వరలోనే తెలిసివచ్చెను. 1974 మే 18వ తేదీన మన దేశము పోఖ్రానులో అణుపరీక్ష జరిపెను. రాజస్థానములోని రావత్‌భాటాలో రెండవ రియాక్టరు నిర్మాణమునకు తోడ్పడుచున్న కెనడా దేశము తన సహాయమును నిలిపివేసెను. పని నడుమ నిలిచిన రియాక్టరును మన ఇంజనీర్లే పూర్తిచేసిరి. 1981లో అది విద్యుత్తు నిచ్చు కేంద్రముగ పనిచేయ మొదలిడెను. ఆ పిదప దశాబ్దముల తరబడి, దేశములో నెలకొన్న ఇట్టి రియాక్టర్లకు ఇంధనపు కట్టలు హైదరాబాదునుండియే పోవుచుండెను.

ఇక గోడకు ఆవలివైపు కథ. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను వారికి ఎన్నికల సంఘమునుండి ఒక వింతపని వచ్చెను. కాగితపు వోట్లతో చిక్కులు మెండు. ముద్ర రెండు గుర్తుల నడుమ పడినచో వోటు చెల్లదు. లెక్కింపు రాత్రింబగళ్లు సాగును. దుండగులు కేంద్రమును ఆక్రమించినచో నిమిషములలో వందల కాగితములపై ముద్రలు గ్రుద్ది పెట్టెలో వేయుదురు. దీనికొక యంత్రము చేయగలరాయని 1977లో ప్రశ్న వచ్చెను. 1979లో నమూనా సిద్ధమయ్యెను. వచ్చినది లెక్క తప్పరాదు, రానిది లెక్కకు ఎక్కరాదు. కిరణములను లెక్కించుటలో ఆఱితేరిన సంస్థకు ఈ నియమము క్రొత్తది కాదు. క్రొత్తవి వేఱే యుండెను. కరెంటులేని పల్లెలోను పనిచేయవలెను గావున యంత్రమును బ్యాటరీతో నడిపిరి. చదువురానివారును వోటు వేయవలెను గావున గుర్తు ప్రక్కనే మీట నుంచిరి. అధికారి తన మీట నొక్కిననేగాని వోటరు మీట పనిచేయదు. నిమిషమునకు నాలుగైదు వోట్లకంటె నమోదు కానీయరు; ఆక్రమించినవాడు ఎంత తొందరపడినను యంత్రము తొందరపడదు.

1982 మే నెలలో కేరళలోని పరవూరు శాసనసభా నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో ఈ యంత్రములను తొలిసారి వాడిరి. గెలుపు 123 వోట్ల తేడాతో తేలెను. ఓడిన అభ్యర్థి న్యాయస్థానమున కెక్కెను. చట్టమున 'బాలెట్టు' అనగా కాగితమే గాని యంత్రము కాదని, చట్టమును మార్చనిదే దీనిని వాడరాదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ 50 కేంద్రములలో కాగితములతో మరల ఎన్నిక జరిగెను. ఈసారి మొదట ఓడినవారే గెలిచిరి. ఇంజనీర్లు అన్నిటిని ఆలోచించిరి గాని, యంత్రమునకు చట్టము కూడ ఒక విడిభాగమేయని తోచలేదు కాబోలు. పార్లమెంటు 1988లో చట్టమును సవరించెను. 1998లో మూడు ప్రాంతములలోని కొన్ని నియోజకవర్గములలోను, 2004లో లోక్‌సభ స్థానములన్నిటను యంత్రములు వచ్చెను. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు వీనిని తయారుచేసినది.

అంతటితో ప్రజల సందేహము తీరలేదు. కాగితముపై ముద్రను వోటరు తన కన్నులతో చూచుకొనెడివాడు. యంత్రము లోపల ఏమి జరిగినదో చూడలేడు. ఇది న్యాయమైన ప్రశ్నయే. కావున యంత్రమునకు చీటీ ముద్రించు పరికరమును జోడించిరి. 2013లో నాగాలాండులోని నోక్సెను నియోజకవర్గమున దానిని మొదట వాడిరి. 2019 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతట వాడిరి. మీట నొక్కినంతనే అభ్యర్థి పేరును, గుర్తును గల చీటీ అద్దము వెనుక ఏడు సెకనులు కనబడి, తెగి, మూసియున్న పెట్టెలో పడును. లెక్కింపునాడు ఒక్కొక్క శాసనసభా నియోజకవర్గ పరిధిలో అయిదు కేంద్రముల చీటీలను తీసి, మనుష్యులు కూర్చుండి చేతితో లెక్కపెట్టి, యంత్రపు లెక్కతో సరిచూచుదురు.