చెవి కారడం ఆగట్లేదా? పిల్లాడి తల కూడా చూడండి

సోమశిల నుంచి మాట్లాడుతున్నా. మీకింకా పెళ్లి కాకపోయినా ఇంట్లో అక్క కొడుకో, అన్న కూతురో ఉంటారు కదా. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసం వినండి.

చిన్న పిలకాయలకి జలుబు చేసి చెవిలో చీము పట్టడం మామూలే. చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. కానీ డాక్టర్ ఇచ్చిన చుక్కల మందు అయిపోయినా వారాల తరబడి చెవి కారుతూనే ఉంటే? అప్పుడు గుర్తుకు రావాల్సిన జబ్బు ఒకటుంది. పేరు లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్. మనం ఎల్‌సీహెచ్ అందాం.

ఒంటిని కాపాడే కణాల్లో ఒక రకం అదుపు తప్పి, గుంపులుగా చేరి, ఎముకని తినేస్తాయి. చెవి వెనక ఎముకలో చేరితే పైకి మామూలు చెవిపోటులాగే కనిపిస్తుంది. ఏడాదికి పది లక్షల మంది పిల్లల్లో సుమారు 4 నుంచి 5 మందికే వస్తుంది. అంత అరుదు కాబట్టే వెంటనే ఎవరికీ తట్టదు.

మరి అనుమానం ఎప్పుడు రావాలి? చెవితో పాటు ఒంట్లో ఇంకేదైనా తేడా ఉన్నప్పుడు. తలలో చుండ్రులాంటి పొక్కులు, గజ్జల్లో తగ్గని ఎర్రటి దద్దుర్లు, తల మీద మెత్తటి బుడిపె, ఊరికే ఊగే పళ్లు, ఆగకుండా దాహం, పదేపదే ఒంటేలు. వీటన్నిటికీ చెవికీ సంబంధం ఉందని మనం అనుకోం. చెవి ఒక డాక్టర్‌కి, దద్దుర్లు ఇంకో డాక్టర్‌కి చూపిస్తాం. అక్కడే ఆలస్యమైపోతుంది.

మీ చేతిలో ఫోన్ ఉంది కదా. దద్దురు, బుడిపె కనిపించిన రోజే ఫొటో తీయండి, తేదీ అందులోనే ఉంటుంది. వాడిన మందుల చీటీలు కూడా ఫొటో తీసి, అన్నీ ఒకే డాక్టర్‌కి చూపించండి. ఆత్మకూరులో తగ్గకపోతే నెల్లూరు పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. చెవిలో వెల్లుల్లి నూనె మాత్రం పోయొద్దు.

చెవి వెనక వాచి చెవి ముందుకు వచ్చినా, మూతి పక్కకి లాగినా, చెవిలోంచి కండలాంటిది కనిపించి రక్తం కారినా ఆ రోజే వెళ్లండి. రాబ్డోమయోసార్కోమా అనే అరుదైన క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవ్వొచ్చు.

స్కాన్ తీసి, చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే ఏ జబ్బో తేలుతుంది. ఎల్‌సీహెచ్ ఒక్కచోటే ఉంటే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. లివర్, ఎముక మజ్జ దాకా పాకితే కష్టం. అందుకే తొందరగా పట్టుకోవాలి.

ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం.