నంబర్లు పంచే సర్వరు మన సేతిలో ఉండాల

మొన్న చోడవరం దగ్గర ఒక ఊరి బడికెళ్లాను. ల్యాబులో ఇరవై కంప్యూటర్లు, సగానికి నెట్ లేదు. "ఏటయ్యింది?" అనడిగితే "వైజాగ్ నుంచి మనిషి రావాలండి" అన్నారు పిల్లలు. రెండు నెలలయ్యిందట, ఆ మనిషి రాలేదు. కూకుని సూస్తే జబ్బు సిన్నదే. ఒకే నంబరు రెండేసి కంప్యూటర్లకి రాసీసినారెవరో.

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకీ ఇంటి నంబరులాగ ఒక ఐపీ అడ్రసుండాల. రెండిళ్లకి ఒకటే నంబరుంటే పోస్టుమాను ఉత్తరం ఎవరికిస్తాడు? చేత్తో రాస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ తప్పు జరుగుతుంది. అందుకే పంపకాన్ని ఒక సర్వరుకి అప్పజెప్తారు. దాన్నే డీహెచ్‌సీపీ అంటారు. 1993లో మొదలైంది. 1997లో రాసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది.

తీగ తగిలించగానే కంప్యూటరు "నంబరిచ్చేవాళ్లున్నారా?" అని కేకేస్తాది. "ఇది ఖాళీ" అంటాది సర్వరు. "అదే ఇయ్యి" అంటాది ఇది. "సరే, నీదే" అని సర్వరు రాసుకుంటాది. అమ్మకం కాదు, కౌలు. గడువుంటాది. సగం గడువు కాగానే కంప్యూటరే మళ్లీ అడిగి పొడిగించుకుంటాది. తిరిగి రాని కంప్యూటరు నంబరు గడువు తీరాక ఇంకోదానికెళ్తాది.

ఇంట్లో అయితే ఈ పని రౌటరే చేసేస్తుంది. ల్యాబులో మనం పెట్టుకుంటే ఏ నంబరు ఎవరి దగ్గరుందో మనకే తెలుస్తుంది. పాత కంప్యూటరొకటి సాలు. డెబియన్ లినక్స్ ఎక్కించి, డీఎన్ఎస్‌మాస్క్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టండి. రౌటరు 192.168.10.1 అనుకుంటే, సర్వరుకి మాత్రం చేత్తో 192.168.10.2 ఇవ్వండి. సెట్టింగుల ఫైల్లో మూడు సంగతులు రాయాల: పంచాల్సిన నంబర్లు 50 నుంచి 150 దాకా, గడువు 12 గంటలు, బయటికెళ్లే దారి రౌటరు. ప్రింటరుకి దాని మ్యాక్ అడ్రసు రాసి ఎప్పుడూ ఒకే నంబరు వచ్చేలా చెయ్యొచ్చు. ఫైర్‌వాలుంటే యూడీపీ 67 పోర్టు తెరవండి. ప్రోగ్రామును రీస్టార్ట్ చేసి, మిగతా కంప్యూటర్లన్నిటినీ "ఆటోమేటిక్"లో పెట్టండి.

రెండు జాగ్రత్తలు. రౌటర్లో డీహెచ్‌సీపీ ఆపెయ్యండి, లేకపోతే ఇద్దరు పంచి మళ్లీ గొడవే. విండోస్ కంప్యూటర్లో 169.254తో మొదలయ్యే నంబరు కనపడితే దాని కేక సర్వరుకి అందలేదని అర్థం. ముందు తీగ సూడండి.

ఆ బడిలో ఇదంతా తొమ్మిదో తరగతి పిల్లలే చేశారు, ఒక మధ్యాహ్నంలో. నేను పక్కన కూకున్నానంతే. మనకి కంప్యూటర్లిచ్చారు గానీ తాళం సెవి ఇవ్వలేదు. నేర్చుకున్నోడే ఆ సెవి తీసుకోవాల. తీసుకున్నాక దాచుకోకండి తమ్ముడూ, సెల్లీ. సర్వరు పాస్‌వర్డు కాగితం మీద రాసి హెడ్మాస్టారి బీరువాలో పెట్టండి. మీరు పై చదువులకెళ్లిపోయినా ల్యాబు ఆగకూడదు.