మోగే బండ, లోతుల కబురు

బళ్లారి దాటి కుప్పగల్లు వైపు వెళ్లి కొండెక్కితే, నల్లటి డోలరైట్ బండలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. కొన్నింటిమీద నున్నగా అరిగిన గుంటలు కనిపిస్తాయి. చేతిరాయితో అక్కడ కొడితే కంచు గంటలా ఖంగుమంటుంది. కొత్తరాతియుగం మనుషులు కొట్టి కొట్టి అరగదీసిన చోట్లవి. 2004లో పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ రాసిన వ్యాసంతో ఈ మోగే బండలు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు ఈ కొండల్ని ఇప్పటికే కొంత తినేశాయి. గొంతున్న రాయి కంకరైపోతుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆ డోలరైట్ పుట్టుక భూమి పైపొర కిందున్న వేడి రాతి పొరలో, అంటే మాంటిల్‌లోనే. అక్కడి శిలాద్రవం పాత గ్రానైటును చీల్చుకుని పైకొచ్చి గోడలా గడ్డకట్టింది. అంటే బళ్లారి మనుషులు వేల ఏళ్ల కిందటే లోతుల నుంచి వచ్చిన రాతిని తట్టి విన్నారు.

సంతలో కుండ కొనే అమ్మ వేలి కణుపుతో తట్టి చూస్తుంది. బీటుంటే బొంగురు మోత, లేకపోతే ఖణేలుమంటుంది. భూకంప శాస్త్రం చేసేదీ ఇదే. తట్టేది మాత్రం భూకంపం.

2004 డిసెంబరు 26న మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు, భారత భూఫలకం పక్క ఫలకం కిందికి దిగే సుమత్రా తీరం దగ్గర నేల చీలింది. సునామీ ఆంధ్ర తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైనే పట్టింది. రాతిలోంచి వచ్చిన తొలి తరంగం మాత్రం దాదాపు 2,400 కిలోమీటర్లు దాటి, వందల కిలోమీటర్ల లోతుకు దిగి లేచి, సుమారు 5 నిమిషాల్లో బళ్లారి కిందికి చేరింది.

దారిలో అది చూసిందంతా దాని వేగంలోనే ఉంటుంది. కిందికి దిగే ఫలకం చల్లన, చుట్టూ ఉన్న మాంటిల్ వేడి. చల్లని గట్టి రాతిలో తరంగం పరుగెడుతుంది. నీరు చేరి అక్కడక్కడ కరిగిన వేడి రాతిలో మందగిస్తుంది. ఒకే భూకంపం వందల పరిశీలన కేంద్రాల్లో నమోదైతే, ఎక్కడికి ముందొచ్చింది, ఎక్కడ ఆలస్యమైంది అని లెక్కగట్టి, ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసినట్టు లోపలి బొమ్మ గీస్తారు. సుమారు 410, 660 కిలోమీటర్ల దగ్గర మాంటిల్ ఖనిజాలు అమరిక మార్చుకుంటాయి. చల్లని ఫలకం దిగిన చోట మొదటి హద్దు పైకి, రెండోది కిందికి జరుగుతాయి. నన్ను బాగా ఆకట్టుకునేది మరొకటి. మాంటిల్ పారే కొద్దీ ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలు, ఏటి ఒరవడికి నాచు పోగులు వాలినట్టు, ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. వాటి గుండా వచ్చే ఎస్ తరంగం (రాతిని అడ్డంగా ఊపుతూ సాగే భూకంప తరంగం) రెండుగా చీలి, ఒకటి ముందు, మరొకటి ఓ సెకను అటూఇటుగా వెనక వస్తుంది. ఆ ఎడాన్ని, దిక్కును బట్టి లోపలి పారుదల అంచనాకు వస్తుంది.

ఈ వినికిడి మన ఇంటి ముంగిటే జరుగుతోంది. హిందూపురం పక్కన గౌరీబిదనూరులో 1965 నుంచి భూకంప పరికరాల వరుస పనిచేస్తోంది. అణు పరీక్షల్ని పసిగట్టడానికి పెట్టిన ఆ వరుసే మాంటిల్ పరిశోధనకూ పనికొచ్చింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్త కె.ఎల్. కైలా బృందం 1970లలో కావలి నుంచి ఉడిపి దాకా సుమారు 600 కిలోమీటర్ల గీత వెంట పేలుళ్లు జరిపి, వెనక్కొచ్చిన తరంగాలతో నేల అడుగును కొలిచింది. తరవాత దూరదేశాల భూకంపాల తరంగాలు చెప్పిందేమంటే, దక్షిణ భారతంలోని ధార్వాడ్ అనే పురాతన శిలా ప్రాంతపు పడమటి భాగం కింద భూపటలం (భూమి పైపొర) 42 నుంచి 51 కిలోమీటర్ల మందం, బళ్లారి ఉన్న తూర్పు భాగంలో 35 కిలోమీటర్లకు అటూఇటూ.

ఈ తేడా ఎందుకు? సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఒక ఫలకం మరోదాని కిందికి దిగిందని కొందరు భూవిజ్ఞానులంటారు. కాదు, లోతుల నుంచి ఎగదన్నిన వేడి మాంటిలే కారణమని మరికొందరు. సుమత్రా కింద కనిపించే చల్లదనం ఇక్కడ వెతికినా దొరకదు. అంత కాలంలో అది ఎప్పుడో చెరిగిపోయింది. మిగిలింది భూపటలం మందంలోని తేడా, దాని అడుగున ఉన్న హద్దు. సుమత్రాలోనో హిందూకుష్‌లోనో నేల కదిలినప్పుడల్లా వచ్చే తరంగాలు ఆ హద్దునే మళ్లీ తట్టి వెళ్తున్నాయి.