గంధకామ్లం: గాఢత వేరు, ఆమ్లత్వం వేరు

ఫాస్ఫేటు ఎరువుల తయారీకి విశాఖపట్నంలోనూ ప్రపంచమంతటా టన్నుల కొద్దీ ఖర్చయ్యే గంధకామ్లం, అనగా సల్ఫ్యూరిక్ ఆసిడ్, గురించి బడి చదువు నాటి నుంచే పాతుకుపోయే భ్రమ ఒకటి ఉన్నది: గాఢ ఆమ్లమన్నా బలమైన ఆమ్లమన్నా ఒకటేనని. నిర్ణీత ఘనపరిమాణపు ద్రావణంలో ఎంత ఆమ్లం ఉన్నదో చెప్పేది గాఢత కాగా, ఆ ఆమ్లపు అణువు తన ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, ఎంత సులువుగా వదులుకుంటుందో చెప్పేది బలం.

గంధకామ్లపు అణువులో వదులుకోదగిన ప్రోటాన్లు రెండు. నీటిలో మొదటిది దాదాపు పూర్తిగా విడిపోతుంది గానీ, మిగిలిన బైసల్ఫేట్ అయాన్ రుణావేశంతో ఉండటం వల్ల రెండోదాన్ని అంత తేలికగా వదలదు. అందుకే లీటరుకు 0.01 మోల్ ఆమ్లమున్న ద్రావణంలో రెండు ప్రోటాన్లూ పూర్తిగా విడిపోయి ఉంటే పీహెచ్ 1.7 కావలసి ఉండగా, లెక్క కడితే అది సుమారు 1.84 దగ్గర నిలుస్తుంది.

అసలు విశేషం నీరు తగ్గుతున్నకొద్దీ బయటపడుతుంది. ద్రవ్యరాశిలో 10 శాతం ఆమ్లమున్న ద్రావణంలో లీటరుకు సుమారు 1.1 మోల్ ఉంటే, బజారులో గాఢ ఆమ్లంగా దొరికే 98 శాతం ద్రవంలో 18 మోల్‌కు పైగా ఉంటుంది. అంటే గాఢత పెరిగినది 17 రెట్లే. కానీ ఆమ్లత్వం వంద కోట్ల రెట్లకు మించి పెరుగుతుంది. పలుచని ద్రావణంలో ప్రోటాన్లు నీటి అణువులకు అంటిపెట్టుకుని హైడ్రోనియం అయాన్లుగా ఉంటాయి, 84.5 శాతం వద్ద ఆమ్లపు అణువుకొక నీటి అణువే మిగులుతుంది. 98 శాతం వద్ద తొమ్మిది ఆమ్లపు అణువులకు ఒక్కటి. ప్రోటాన్‌ను పట్టుకునే నీరే కరువైనప్పుడు, మామూలుగా ప్రోటాన్‌ను స్వీకరించని బలహీన క్షారాలకు సైతం ఆ ద్రవం దాన్ని అంటగడుతుంది. పలుచని ద్రావణాల కొలమానమైన పీహెచ్ ఇక్కడ చాలదు గనుక, అమెరికన్ రసాయనవేత్త లూయీ హ్యామెట్ 1932లో సహచరునితో కలిసి, బలహీన క్షారాలైన రంగు సూచికలు ఎంత మేరకు ప్రోటాన్‌ను స్వీకరించాయో చూసి ఆమ్లత్వాన్ని కొలిచే ప్రమేయాన్ని రూపొందించాడు. ఆ కొలతలో శుద్ధ గంధకామ్లం విలువ సుమారు మైనస్ 12. దానికన్నా ఆమ్లత్వం ఎక్కువగా ఉన్నవాటినే నేడు సూపర్ ఆసిడ్‌లంటున్నారు.

ఈ తేడా కర్మాగారాల్లో నిత్యం అక్కరకు వస్తుంది. పలుచని ఆమ్లం ఇనుమును తినేసి హైడ్రోజన్‌ను వెలువరిస్తే, 93 శాతం దాటిన ఆమ్లాన్ని మామూలు ఉక్కు ట్యాంకుల్లోనే నిల్వ చేస్తారు. గోడల మీద ఏర్పడే ఐరన్ సల్ఫేట్ పొర లోహాన్ని కాపాడుతుంది గానీ, తేమ చొరబడితే ఆ రక్షణ పోతుంది. వాహనాల బ్యాటరీలో గాఢత చార్జికి గుర్తు: పూర్తి చార్జిలో 1.28 దగ్గర ఉండే విశిష్ట గురుత్వం, సల్ఫేటు పలకలకు చేరేకొద్దీ తగ్గటాన్ని హైడ్రోమీటరు చూపుతుంది.

నీటికోసం ఇంత ఆరాటపడే గాఢ ఆమ్లం పంచదార నుంచి సైతం నీటి మూలకాలను లాగి నల్లని బొగ్గును మిగుల్చుతుంది, నీటితో కలిసేటప్పుడు విపరీతమైన వేడినిస్తుంది. కనుక ప్రయోగశాలలో గానీ బ్యాటరీ దుకాణంలో గానీ పనిచేసేవారు ఆమ్లంలో నీరు పోయకుండా, కళ్లకు రక్షణ పెట్టుకుని, నీటిలోకే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలియబెడుతూ పోయాలి. చర్మంపై పడితే క్షణం ఆలస్యం చేయక ధారగా పారే నీటితో చాలాసేపు కడిగి, వైద్యుణ్ని కలవాలి.