మర తిప్పాల్సింది రోడ్డును చూసి కాదు, లోడును చూసి

ముదిగుబ్బ చుట్టుపక్కల చీనీ తోటల నుంచి అనంతపురం మార్కెట్ యార్డుకు కాయలు తోలే పికప్ బండికి, కంపెనీ ఇచ్చిన షాకబ్జర్లు తీసేసి బయట దొరికే అడ్జస్టబుల్ రకం వేయిస్తే లాభముందా, ఉంటే మరను ఎంత బిగించాలి అని ఒక పాఠకుడు అడిగారు. చూడటానికి మెకానిక్ చెప్పాల్సిన జవాబే. కానీ భౌతికశాస్త్రంలో ఒక అందమైన ముచ్చటంతా ఆ మర చుట్టూనే ఉంది. ఆ బండి దారి ఎలాంటిదో చూడండి. కదిరి–అనంతపురం మధ్య 42వ నంబరు జాతీయ రహదారి ఎక్కేదాకా ఎర్రమట్టి బాట, వంక దాటే చోట గుండ్రాళ్లు, గరుసు తోలిన చోట అడ్డంగా పట్టెలు. ఎక్కాక నున్నటి తారు. తోటకు పోయేటప్పుడు బండి ఖాళీ, వచ్చేటప్పుడు టన్నున్నర బరువు. దారి చెడ్డదైతే బిగించాలి, మంచిదైతే వదులు చేయాలి అనేది అందరూ చెప్పే మాట. అది తప్పని, మర ఉన్నది ప్రధానంగా బరువు కోసమని నా వాదన.

ముందు పేరులోని పొరపాటు వదిలించుకుందాం. షాకబ్జర్ కుదుపును పీల్చదు. ఆ పని కమాను పట్టీలది. చక్రం రాయి ఎక్కగానే పట్టీ వంగి ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది, మరుక్షణం తిరిగి ఇచ్చేస్తుంది. ఇచ్చింది మళ్లీ తీసుకుంటుంది, మళ్లీ ఇస్తుంది. అడ్డుకునేది లేకపోతే బండి ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఇంటర్ పుస్తకంలో అవరుద్ధ డోలనాలు అని చదివింది ఇదే. ఆ ఊపును వేడిగా మార్చి గాలికి వదిలేయడమే షాకబ్జర్ పని. రెండు టన్నుల బరువు 5 సెంటీమీటర్లు కిందికి పడితే సుమారు 1000 జౌళ్లు, అంటే పావు లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించేంత శక్తి. ఒక్క గతుక్కి అంత. ఇలాంటివి వందలు.

ఈ వేడి ఎలా పుడుతుందన్న దగ్గరే అసలు తెలివి ఉంది. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ట్రూఫో, అమెరికాలో హార్ట్‌ఫోర్డ్ పొడి రాపిడిని నమ్ముకున్నారు. కత్తెరలాంటి రెండు చేతుల మధ్య బిళ్లలు పెట్టి నట్టు బిగించారు. అదీ అడ్జస్టబులే. కానీ రాపిడికి వేగం తెలియదు. మెల్లగా కదిలినా, విసురుగా కదిలినా ఒకే బలంతో అడ్డుకుంటుంది. అందువల్ల చిన్న గతుకు దగ్గర బిర్రబిగుసుకుపోయేది, పెద్ద గుంట దగ్గర చాలేది కాదు. నూనెకు మాత్రం వేగం తెలుసు. ఫోర్డ్ మోడల్ ఏ కారు వచ్చేనాటికి, 1920ల చివర్లో, ఊడాయ్ నూనె షాకబ్జర్లు అందులో భాగమైపోయాయి. కానీ నూనెకూ ఒక పెంకితనం ఉంది. చిన్న కంత గుండా తోస్తే, వేగం రెట్టింపైనప్పుడు నిరోధం నాలుగు రెట్లవుతుంది. వేగం పది రెట్లయితే నిరోధం వంద రెట్లు! వంకలో చక్రం గుండ్రాయిని గుద్దిన క్షణాన అలాంటి షాకబ్జర్ ఇనుప కడ్డీ అయిపోయి, దెబ్బను నేరుగా ఛాసిస్‌కు అందిస్తుంది.

దీనికి కనిపెట్టిన ఉపాయం నన్ను ఎప్పుడూ ముగ్ధుణ్ని చేస్తుంది. పాత షాకబ్జర్‌ను కోసి చూస్తే పిస్టన్ ముఖం మీద రంధ్రాలు, వాటిని మూస్తూ ఒకదానిమీద ఒకటి పేర్చిన పల్చటి ఉక్కు బిళ్లలు కనిపిస్తాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతో, రెండు వంతులో మందం. పిస్టన్ మెల్లగా కదిలితే బిళ్లలు లేవవు, పక్కనున్న సన్నటి కంత గుండానే నూనె పాకుతుంది. విసురుగా కదిలితే పీడనానికి బిళ్లల అంచులు పువ్వు రేకుల్లా వంగి దారి ఇస్తాయి, నిరోధం అదుపు తప్పదు. బయట మనం తిప్పే మర లోపల చాలా రకాల్లో ఒక సూది వాల్వును జరుపుతుంది. ఆ సూది మూసేది సన్నటి కంతనే, బిళ్లల్ని అది ముట్టుకోదు. కాబట్టి ఒకే మర ఉన్న షాకబ్జర్‌లో ఎంత తిప్పినా, రాయి తగిలినప్పటి దెబ్బలో పెద్ద మార్పు రాదు. మారేది బండి ఒళ్లంతా సెకనుకు ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ ఊగే నెమ్మది కదలిక. ర్యాలీ బండ్లకు నెమ్మది కదలికకు ఒక మర, వేగపు కదలికకు మరో మర విడివిడిగా ఉంటాయి. వాటి ధర ఈ చర్చకు అందదు.

ఇప్పుడు బరువు సంగతి. ఊపు ఎంత త్వరగా చస్తుందనేది షాకబ్జర్ బలాన్ని, బరువూ పట్టీల బిగువూ గుణించి తీసిన వర్గమూలంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీద ఆధారపడుతుంది. వెనక ఇరుసు మీద ఖాళీగా 500 కిలోలు, కాయలు నిండాక 2000 కిలోలు అనుకుందాం. బరువు నాలుగు రెట్లయింది కనుక నిష్పత్తి సగమవుతుంది. ఖాళీ బండిలో అది 0.4 ఉంటే, ఒక ఊపు పూర్తయ్యేసరికి మిగిలేది ఆరు శాతమే. లోడుతో 0.2కు దిగితే 28 శాతం మిగులుతుంది. ఆ మిగిలిన ఊపు మీద తర్వాతి గతుకు వచ్చి పడుతుంది. చక్రం నేలను వదిలే క్షణాలు పెరుగుతాయి, గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసినా ఫలం లేదు. అడుగు వరసలో కాయలు నలుగుతాయి. నెమ్మది ఊపును పట్టుకునే మరను తోటలో లోడు ఎక్కాక బిగించి, యార్డులో దించాక వదులు చేస్తే, నిష్పత్తిని రెండు చోట్లా ఒకే దరిదాపుల్లో ఉంచొచ్చు.

ఇన్నాళ్లూ ఒక పట్టీ ఎక్కువ వేయించుకుని అందరూ తోలట్లేదా అని అడగొచ్చు. పట్టీ బరువును మోస్తుంది, వెనక భాగం కుంగకుండా చూస్తుంది, నిజమే. కానీ పైన చెప్పిన లెక్కలో పట్టీల బిగువు కూడా బరువు పక్కనే కూర్చుంది. బిగువు ఒకటిన్నర రెట్లయితే ఆ 0.2 కాస్తా 0.16 అవుతుంది. పట్టీ ఎక్కించి షాకబ్జర్‌ను పాతదే ఉంచితే ఊపు చావడం ఇంకా ఆలస్యం. పట్టీల మధ్య రాపిడి కొంత అడ్డుకుంటుందనేవారికి జవాబు పైనే ఉంది. అది ట్రూఫో నమ్ముకున్న రాపిడే. ఖాళీ బండి తిరుగు ప్రయాణంలో వెన్ను విరిచేదీ అదే.

గరుసు రోడ్డు మీది పట్టెలకు మంచి షాకబ్జర్లే మందు కదా అనేది రెండో ఆక్షేపణ. ఈ పట్టెలు బండ్ల స్ప్రింగులు ఎగరడం వల్లే పడతాయని చాలాకాలం నమ్మారు. 2007లో టబెర్లే, మారిస్, మెకెల్వేన్ అనే ముగ్గురు తిరిగే బల్ల మీద ఇసుక పోసి, దానిమీద గట్టి చక్రాన్ని దొర్లించి చూశారు. ఒక హద్దు దాటిన వేగంలో పట్టెలు వాటంతటవే పుట్టాయి, స్ప్రింగు లేకపోయినా పుట్టాయి. పుట్టినవి చక్రం పోయే దిక్కుకే మెల్లగా జరుగుతూ వెళ్లాయి! ఆ హద్దు కంటే మెల్లగా దొర్లితే ఇసుక చదునుగానే ఉండిపోయింది. అంటే ఏ షాకబ్జరూ రోడ్డును కాపాడదు, నిదానమే కాపాడుతుంది. ఉన్న పట్టెల మీద పోతే ఏమవుతుంది? పట్టెల మధ్య 80 సెంటీమీటర్లుంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 12 దెబ్బలకు పైనే. ఇరుసు తనంతట తాను అదిరే లయకు అది చాలా దగ్గర. అక్కడ పనిచేసేవి బిళ్లలు, మర కాదు.

పట్టెల మీద తేలేది ఇంకొకటి, షాకబ్జర్ ఓపిక. పిస్టన్ అంత చురుగ్గా ఆడితే దాని వెనక పీడనం పడిపోయి, గోలీ సోడా కొట్టినప్పటిలా నూనెలో బుడగలు లేస్తాయి. బుడగ నలుగుతుంది గానీ నిరోధించదు. 1950ల్లో ద కార్బన్ అనే ఫ్రెంచి ఇంజినీరు ఒకే గొట్టంలో నూనె వెనక తేలే పిస్టన్ పెట్టి, దాని వెనక నత్రజనిని అధిక పీడనంలో నింపి బుడగల్ని లేవనివ్వకుండా చేశాడు. జర్మనీలోని బిల్‌స్టైన్ దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసింది. ఎండ 40 డిగ్రీలు దాటే మన పీఠభూమిలో, డబ్బు పెట్టేవారు మరలో ఎన్ని క్లిక్కులున్నాయో అడిగే ముందు ఈ గ్యాసు సంగతి అడగాలి. అంగట్లో మాత్రం ఎత్తు పెరుగుతుంది, చూపుకు బాగుంటుంది అనే అమ్ముతారు. ఎత్తు పెంచితే బరువు కేంద్రం పైకి పోయి, లోడు బండి మలుపులో ఒరిగే ప్రమాదం పెరుగుతుందని చెప్పేవారు తక్కువ.

కొత్తవి కొనే ముందు పాతవి బతికున్నాయో లేదో చూసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మట్టి బాట దాటి తారు ఎక్కగానే బండి పక్కకు ఆపి, చెయ్యి కాలకుండా జాగ్రత్తగా నాలుగు షాకబ్జర్ల గొట్టాల్నీ వేలి కొసతో తాకాలి. పని చేసినది వేడిగా ఉంటుంది. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా తగిలితే, మార్చాల్సింది దాన్నే.