కొసరు అక్కడా ఉంది!

కూరల బజారుకెళ్ళి బేరమాడి రావడం మనకి కొత్త విద్యేమీ కాదు. కానీ భాష రాని దేశంలో, నలుగురికి సాయపడదామని వెళ్ళినచోట సంసారం నడపాల్సి వస్తే? 1970లో ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన వలంటీర్ల కార్యక్రమం లాంటి వాటి ద్వారా టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు విదేశాలకి వెళ్తుంటారు. ఇచ్చేది జీతం కాదు, బతకడానికి సరిపడా భత్యం. మీ ఇంట్లోనూ అలాంటి ప్రయాణం అనుకుంటూ ఉంటే ఈ నాలుగు మాటలూ మీకోసమే!

మేమున్నది టాంజానియా దేశంలో, కిలిమంజారో పర్వతం కింద ఉన్న మోషీ పట్నంలో. మావారు ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. నేను సాయంత్రాలు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేదాన్ని.

సరుకులు మనవే, పేర్లే వేరు

ఏం దొరుకుతాయో ఏమోనని పెట్టె నిండా పప్పులు కుక్కుకుని వెళ్ళకండి. అక్కడి స్వాహిలీ భాషలో కొట్టుని 'దుకా' అంటారు. మన దుకాణమే కదూ! 'మ్‌చిచా' అంటే తోటకూర. 'బామియా' బెండకాయ, 'ఉక్వాజు' చింతపండు, 'చొరొకో' పెసలు, 'కుందే' బొబ్బర్లు, 'ఇలికి' ఏలకులు. 'ఉలేజీ' అంటే ఏమనుకున్నారు? మన రాగులే! రాగుల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలేనట. మనం రాగిజావ కాచినట్టే వాళ్ళూ కాస్తారు. మొక్కజొన్న పిండితో చేసే 'ఉగాలీ' మన సంకటికి అక్కచెల్లెలు. మినప్పప్పు, ఇంగువ మాత్రం కాస్త పట్టుకెళ్ళడం మంచిది.

సంచీ మరిచిపోవద్దు సుమా! 2019 జూన్ 1 నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచులు నిషేధం. చిన్న నోట్లు కూడా దగ్గరుంచుకోండి. పెద్ద నోటు ఇస్తే పొద్దున్నే చిల్లర పుట్టదు.

గడియారంతో జాగ్రత్త

తాజా ఆకుకూరలు 'సా మ్‌బీలీ'కి వస్తాయని ఒకామె చెప్పింది. అంటే రెండు గంటలు. సరేనని భోజనం చేసి మధ్యాహ్నం రెండింటికి వెళ్తే వాడిపోయిన కట్టలు రెండు మిగిలాయి. తరవాత తెలిసింది, వాళ్ళ లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుందని. మన ఏడు గంటలు వాళ్ళకి ఒంటిగంట. రెండంటే పొద్దున ఎనిమిదన్నమాట!

బేరం ఎంతవరకు?

ఇక అసలు సంగతికొస్తాను. అక్కడ టమాటాలు, ఉల్లిపాయలు కుప్పలుగా పోసి అమ్ముతారు. ఒక్కో కుప్పని 'ఫుంగు' అంటారు. పరాయివాళ్ళకి ధర పెంచి చెబుతారని నన్ను ముందే భయపెట్టారు. అంచేత ఒక పెద్దామె దగ్గర టమాటాల కుప్పకి సగానికి సగం అడిగాను. 'పుంగూజా, పుంగూజా', అంటే తగ్గించు తగ్గించు అని ఒకటే గోల. ఆవిడ కాసేపు నా మొహం చూసి, మాట్లాడకుండా ఇచ్చేసింది. గెలిచానని మురిసిపోతూ ఇంటికొచ్చాను.

వారం తిరక్కుండా కుట్టు నేర్చుకునే పిల్ల ఒకతె, "మీరు మా అమ్మ దగ్గరే టమాటాలు కొన్నారటగా" అంది. గంపగా కొన్న ధర, బస్సు చార్జీ పోను వాళ్ళమ్మకి కుప్పకి మిగిలేది ఎంతో అమాయకంగా లెక్క చెప్పింది. ఆ రోజు నేనిచ్చిన డబ్బుకి ఆవిడకి అసలు కూడా రాలేదు. ఆ పిల్ల నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని సాయంత్రం ఉచితంగా కుట్టు నేర్పుతున్నాను, పొద్దున వాళ్ళమ్మ చేతిలోంచి అంతా లాక్కుంటున్నాను! తల కొట్టేసినట్టయింది.

అందుకని నా మాట వినండి. ముందు ముగ్గుర్ని ధర అడగండి, స్థానికులు ఎంతకి కొంటున్నారో చూడండి. మరీ ఎక్కువ చెబితే నవ్వుతూ ఒక్కసారి తగ్గించమనండి, అంతే. రోజూ ఒకరి దగ్గరే కొనండి. పెద్దవాళ్ళకి 'షికమో' అని నమస్కారం చెప్పాకే ధర అడగండి. వాళ్ళు 'మరహబా' అంటారు.

నేను మర్నాడే వెళ్ళి, షికమో చెప్పి, ఆవిడ అడిగినంతా ఇచ్చి కొన్నాను. నెల తిరిగేసరికి నన్ను మా పెద్దవాడి పేరుతో, ఫలానావాళ్ళ అమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. అది వాళ్ళ మర్యాద. ఒకరోజు కుప్ప మీద మరో రెండు టమాటాలు పెట్టి 'న్యొంగేజా' అంది. అడక్కుండానే కొసరు! సగం ధరకి కొన్న రోజున లేని సంతోషం ఆ రెండు టమాటాల్లో దొరికింది.

ఇంకో మాట. మనం వండే కందిపప్పు వెనకా ఇలాంటి చేతులే ఉన్నాయి. టాంజానియా రైతులు కందులు పండించి మనకి పంపుతారు. 2017 ఆగస్టులో మన దేశం కందుల దిగుమతికి పరిమితి పెట్టగానే అక్కడ ధర పడిపోయి రైతులు దెబ్బతిన్నారు. 2021లో ఆ పరిమితి తీసేశారు. పప్పు డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు ఆ బజారే గుర్తొస్తుంది.

కొబ్బరిపాల కందులు

అక్కడ 'మ్‌బాజీ' అంటే కందులు. సముద్ర తీరంలో పొద్దున్నే ఫలహారంగా తింటారు. నేను ఇంట్లో చేసే పద్ధతి ఇది.

కావలసినవి: పొట్టుతో ఉన్న కందులు 1 గ్లాసు, కొబ్బరికాయ 1, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 3, పసుపు, ఉప్పు తగినంత.

చేసే విధానం: కందులు రాత్రి నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికించండి. కొబ్బరి తురిమి చిక్కటి పాలు, పలచటి పాలు వేరువేరుగా తీయండి. ఉడికిన కందుల్లో ఉల్లి, మిర్చి ముక్కలు, పసుపు, ఉప్పు, పలచటి పాలు వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి. చివర్లో చిక్కటి పాలు పోసి, సన్నటి సెగ మీద కలుపుతూ ఒక్క పొంగు రాగానే దించండి. ఎక్కువ మరిగితే పాలు విరుగుతాయి. చపాతీలోకి బాగుంటుంది. చేసి చూడండి మరి!