గోడమీది పాత పటం

జూన్‌లో బడులు తెరవగానే సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు కొత్త పాఠ్యపుస్తకం కోసం చూస్తాడు. ముందుగా చూడవలసినది తరగతి గది గోడ వైపు.

మా మదరసాలో ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష రాసే పిల్లలకు నేను ఈ విషయం బోధిస్తాను. ఒకసారి తెలంగాణ సరిహద్దును గుర్తించమంటే, ఒక విద్యార్థి ఉమ్మడి రాష్ట్రాన్నంతటినీ గీశాడు. తప్పు వాడిది కాదు, నాది. గోడకు వేలాడుతున్నది 2014కు పూర్వపు పటం.

ఆ తరువాత ఎన్ని మార్పులు! తెలంగాణలోని 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. 2019 అక్టోబర్ 31 నుండి జమ్మూకశ్మీర్, లద్దాఖ్ వేర్వేరు కేంద్రపాలిత ప్రాంతాలు. 2020 జనవరి 26న దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూలు ఏకమయ్యాయి.

సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో దేశపటం ఉచితంగా లభిస్తుంది. బజారులో కొనే పటానికన్నా అదే నమ్మదగినది. ఇస్రో వారి ‘భువన్’లో పిల్లలు తమ ఊరి చెరువును ఉపగ్రహ చిత్రంగా చూడగలరు, ఆ ఆనందం చూడవలసిందే. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు ‘దీక్షా’ పాఠాలకు దారి చూపుతాయి.

జనాభా లెక్క చెప్పేటప్పుడు సంవత్సరం తప్పక చెప్పాలి. పుస్తకాల్లోని అంకెలు చాలావరకు 2011 నాటివి. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లోనే భారత్ చైనాను దాటింది.

మా పాత పటాన్ని నేను పారవేయలేదు. దానిపై ‘2014కు ముందు’ అని రాసి, కొత్తదాని పక్కనే తగిలించాను. రాష్ట్ర విభజన పాఠం ఇప్పుడు అక్కడినుండే మొదలవుతుంది.